టర్బో మార్చినా నీలి పొగ ఆగలేదు: 2007 మోడల్ పది టైర్ల బండి, ఇంజన్ విప్పాలా?

చీమకుర్తి పది టైర్లు | సోమవారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నాది టాటా 2515, 2007 మోడల్. కమిన్స్ సిక్స్ బీటీ ఇంజన్. గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోసే టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉన్నాయి. చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మలు కృష్ణపట్నం పోర్టుకు తోలుతుంటాను. నాన్న కొన్న బండి. మీటరు ఎప్పుడో ఆగిపోయింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పలేను.

పోయిన వానలప్పుడు పని లేక రెండున్నర నెలలు ఇంటి దగ్గర వేపచెట్టు కింద పెట్టేశాను. మళ్లీ రోడ్డెక్కించిన దగ్గర నుంచి పొగ. అదీ మూడు రంగుల్లో. పొద్దున స్టార్ట్ చేస్తే ఐదు నిమిషాలు తెల్లగా వస్తుంది. పోర్టు గేటు ముందు క్యూలో అరగంట ఐడిలింగ్‌లో ఉండి కదిలిస్తే వెనక బండి కనపడనంత నీలంగా వస్తుంది. లోడు మీద ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నల్లగా కక్కుతుంది, పికప్ కూడా తగ్గిపోయింది. ఆయిల్ తెగ తాగుతోంది.

ఒక షెడ్డులో చూపిస్తే టర్బో పోయిందన్నారు. పాతది ఇచ్చేసి, 26 వేలు పెట్టి ఎక్స్ఛేంజ్ టర్బో వేయించాను. పదిహేను రోజులు కాలేదు, మళ్లీ అదే నీలి పొగ. ఇప్పుడేమో ఇంజన్ విప్పి బోరు చేయించాలి, అంటే సిలిండర్లు కోసి సరిచేయించాలి, రెండు లక్షలకు తక్కువ కాదు అంటున్నారు. వచ్చే నెల 20న ఎఫ్‌సి (ఫిట్‌నెస్ పరీక్ష) ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంజన్ విప్పించమంటారా?

కందుకూరు డ్రైవర్ | సోమవారం, రాత్రి 10:15

అన్నా, నల్ల పొగకు ఇంజన్ డీజిల్ పంపులో డీజిల్ కొంచెం తగ్గించుకుంటే సరి. నేను నడిపే బండికి అలాగే చేశారు, పొగ పోయింది. నీలం సంగతి నాకు తెలియదు.

కావలి పంపు నాజిల్ | సోమవారం, రాత్రి 10:40

తమ్ముడూ, దయచేసి ఆ పని చెయ్యొద్దు. ఇరవై రెండేళ్లుగా పంపుల పనే చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే బండ్లలో సగానికి పైగా సీలు తెంపి, స్క్రూ తిప్పి, ఇక కుదరదని తెలిశాక తెచ్చినవే.

నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువైందనే అనుకుంటారు. గాలి తక్కువైనా అదే పొగ. నిన్నటిదాకా బాగా నడిచిన పంపు తనంతట తాను ఎక్కువ డీజిల్ పోయడం అరుదు. గాలి తగ్గడం మాత్రం రోజూ జరిగేదే. ఫిల్టర్ పూడుకుంటుంది, హోస్ చిట్లుతుంది, క్లాంప్ వదులవుతుంది, ఇంటర్‌కూలర్‌కు సన్న పగులు పడుతుంది. గాలి తగ్గిందని డీజిల్ కూడా తగ్గిస్తే పొగ పోతుంది, దాంతోపాటు బండి బలం కూడా పోతుంది. గ్రానైట్ లోడుతో అలా నడపలేం. ముందు గాలి దారి చూడండి. పంపు ఆఖరున చూద్దాం.

నెల్లూరు ఆటోనగర్ మేస్త్రి | సోమవారం, రాత్రి 11:20

బాబూ, ఇంజన్ విప్పకు. నువ్వు రాసిన దాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది వేపచెట్టు.

పొగ రంగు చూసి రోగం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. రంగు సగమే చెబుతుంది. ఏ సమయంలో వస్తోంది అన్నది మిగతా సగం. పిస్టన్ రింగులు అరిగిన ఇంజన్ ఎత్తు ఎక్కేటప్పుడు, లోడు మీద నీలం కక్కుతుంది. వాల్వ్ సీళ్లు పోతే దిగుడులో యాక్సిలరేటర్ వదిలేసి మళ్లీ తొక్కినప్పుడు ఒక్క బుస్సు మని వస్తుంది. చాలాసేపు ఐడిలింగ్‌లో ఉండి కదిలించినప్పుడు మబ్బులాగా వస్తే ముందు టర్బో వైపు చూడాలి. ఇక్కడిదాకా మీ షెడ్డువాళ్లు చెప్పింది తప్పు కాదు. కానీ కొత్త టర్బో పదిహేను రోజుల్లో పోదు. పోయిందంటే పాతదాన్ని చెడగొట్టిందే దీన్నీ చెడగొడుతోందని అర్థం. లేదా పాతది అసలు పోయే ఉండదు.

రెండున్నర నెలలు కదలకుండా నిలబడిన ఇంజన్‌కు రింగులు ఉన్నట్టుండి అరగవు. నిలబడినప్పుడు ఇంకేదో జరిగింది. రేపు ఇవి చూసి రాయి. పొద్దున తెల్ల పొగ వాసన ఎలా ఉంది? రేడియేటర్ నీళ్లు తగ్గుతున్నాయా? ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, బోర్లించి అదే రంధ్రం మీద పెట్టు. ఊరికే ఉంటుందా, ఎగురుతుందా? ఆయిల్ కొలిచే డిప్ స్టిక్ దానంతట అది పైకి లేస్తోందా?

పొదిలి లెక్కల పుస్తకం | మంగళవారం, ఉదయం 7:05

మా నాన్నగారివి రెండు లారీలు, లెక్కలు నేను చూస్తాను. అన్నగారూ, ఆయిల్ తెగ తాగుతోంది అన్నారు. ఎంత? మీటరు లేకపోయినా ఫర్వాలేదు, ట్రిప్పుల లెక్కన చెప్పండి. ఎన్ని ట్రిప్పులకు ఎన్ని లీటర్లు పోశారు? ఆయిల్ చూసేటప్పుడు బండి చదునైన చోట, ఇంజన్ ఆపి పావుగంట అయ్యాక, రోజూ అదే స్థలంలో చూడాలి. పోయినేడు మా బండి ఆయిల్ తాగుతోందని అందరూ కంగారు పెట్టారు. నోట్‌బుక్ తీసి చూస్తే కొత్త డ్రైవర్ ప్రతిసారీ పై గీత దాటేదాకా పోస్తున్నాడని తేలింది. ఎక్కువైనదంతా పొగగా పోయేది. ఆ నోట్‌బుక్ లేకపోతే మేమూ ఇంజన్ విప్పించి ఉండేవాళ్లం.

చీమకుర్తి పది టైర్లు | మంగళవారం, రాత్రి 8:30

అన్నీ చూశాను. ఒక్కొక్కటే రాస్తాను.

తెల్ల పొగ కళ్లలోకి వెళ్తే మండుతోంది, పచ్చి డీజిల్ వాసన. సైలెన్సర్ మూతికి తెల్ల గుడ్డ అడ్డం పెట్టాను, తేమగా, జిడ్డుగా అయింది. రేడియేటర్ నీళ్లు వారం నుంచి చుక్క కూడా తగ్గలేదు. ఇంజన్ వేడెక్కాక తెలుపు పూర్తిగా పోతోంది.

ఆయిల్ మూత బోర్లిస్తే ఎగిరి పక్కన పడింది! భయం వేసింది. డిప్ స్టిక్ రెండు వేళ్ల ఎత్తు పైకి లేచి ఉంది, దాని చుట్టూ ఆయిల్ చిమ్మినట్టుంది. మూత పెట్టే చోటు నుంచి ఆవిరి కూడా బాగా కొడుతోంది.

చెల్లెమ్మా, ఒక ట్రిప్పు అంటే రానూపోనూ 350 కిలోమీటర్ల దాకా. ట్రిప్పుకు లీటరున్నర పోస్తున్నాను. వానలకు ముందు మూడు ట్రిప్పులకు ఒక లీటరు పోసేవాడిని.

మూత ఎగిరిందంటే రింగులు పోయినట్టేనా? షెడ్డులో అదే మాట అన్నారు.

ఒంగోలు పాలిటెక్నిక్ మాస్టారు | మంగళవారం, రాత్రి 9:15

మూత ఎగరడం అంటే క్రాంక్‌కేస్‌లో, అంటే పిస్టన్ల కింద ఉండే ఇంజన్ గదిలో, ఒత్తిడి ఉందని. ఆ ఒత్తిడి రెండు రకాలుగా రావచ్చు. పిస్టన్ల పక్కనుంచి గ్యాసు ఎక్కువ దిగుతూ ఉండాలి, లేదా మామూలుగానే దిగుతున్న గ్యాసుకు బయటికి పోయే దారి మూసుకుపోయి ఉండాలి. రెండింటికీ మూత ఒకేలా ఎగురుతుంది. మొదటిది రెండు లక్షల పని, రెండోదానికి ఖర్చేమీ లేదు. మొదటిదే అని తేల్చేముందు రెండోది కాదని చూసుకోవాలి.

దీనికీ టర్బోకూ ఉన్న సంబంధం చెబుతాను, ఇది మా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా చాలదనిపిస్తుంది. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది. అది తిరిగేది ఆయిల్ పొర మీద. ఆయిల్ పైనుంచి ఇంజన్ ఒత్తిడితో లోపలికి వస్తుంది, కింద లావు పైపు గుండా దాని బరువుకు అదే ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి, సంప్‌లోకి జారుతుంది. ఆ కింది పైపులో తోసే పంపు ఏదీ లేదు. సంప్‌లో ఒత్తిడి ఉంటే ఆయిల్ దిగదు, టర్బో మధ్య భాగంలోనే నిలిచిపోతుంది. షాఫ్ట్ రెండు చివర్లా ఉండేది మనం అనుకునే రబ్బరు సీల్ కాదు. పిస్టన్ రింగు లాంటి సన్నని లోహపు రింగు. అది వేడి గ్యాసును ఆపగలదు, నిలిచిన ఆయిల్‌ను ఆపలేదు. ఆయిల్ ఒక వైపు ఎగ్జాస్ట్‌లోకీ, మరో వైపు ఇంటర్‌కూలర్‌లోకీ వెళ్తుంది. ఐడిలింగ్‌లో బూస్ట్, అంటే టర్బో గాలి ఒత్తిడి, ఉండదు కనుక దాన్ని వెనక్కి నెట్టేదేమీ లేదు. అరగంట క్యూలో పేరుకున్నదంతా కదిలించగానే కాలుతుంది. మీరు చెప్పిన నీలం ఇదే అయి ఉండాలి.

నెల్లూరు ఆటోనగర్ మేస్త్రి | మంగళవారం, రాత్రి 9:40

మాస్టారు నా పని తేలిక చేశారు. రేపు పొద్దున వరుసగా ఇవి చెయ్యి.

మాస్టారు చెప్పిన గ్యాసు బయటికి పోయే దారి బ్రీదర్ పైపు. ముందు ఇంజన్ పక్కనుంచి నేలవైపు దిగే ఆ పైపు ఊడదీసి, నోటితో ఊది చూడు. గాలి సులువుగా పోవాలి. పైపు తీసేసి ఇంజన్ స్టార్ట్ చేసి మళ్లీ మూత బోర్లించు. మూత కదలకపోతే రోగం దొరికింది. అప్పటికీ ఎగిరితే టర్బో ఆయిల్ రిటర్న్ పైపు విప్పు. ఈ మధ్య కొందరు గ్యాస్కెట్ బదులు పేస్టు దండిగా పూస్తున్నారు, అది లోపలికి పిండుకుని దారిలో పాలమీగడలా అడ్డం పడుతుంది. అలాంటివి రెండు నా చేత్తో గీకాను.

అదీ బాగుంటే ఎయిర్ కంప్రెసర్ సంగతి చూడాలి. బ్రేకులకు గాలి కొట్టే కంప్రెసర్‌కూ పిస్టన్ రింగులు ఉంటాయి, అవి అరిగితే ఆ గాలి మన ఇంజన్ క్రాంక్‌కేస్‌లోకే దిగుతుంది. దాన్ని ఇంజన్ రింగుల ఖాతాలో రాసేసి బోరు చేసినవాళ్లున్నారు. ఇవన్నీ దాటాకే బోరు మాట. సిక్స్ బీటీకి విడిగా మార్చుకునే స్లీవులు రావు, ఇంజన్ బ్లాకులోనే బోరు ఉంటుంది. ఒకసారి కోసిన తర్వాత వెనక్కి రాదు. అందుకే అంత గట్టిగా చెబుతున్నాను.

గిద్దలూరు ఘాట్ | బుధవారం, ఉదయం 5:30

మేస్త్రిగారు చెప్పినవి చేసేముందు ఒక్క మాట. ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ ఉందంటే చాలా జాగ్రత్త అన్నా.

ఆరేళ్ల కిందట నేను నంద్యాల ఘాట్ ఎక్కి దిగుతూ ఒక మలుపు దగ్గర పక్కకు తీసి ఆగాను. ఐడిలింగ్‌లో ఉన్న ఇంజన్ దానంతట అదే రేస్ అవడం మొదలుపెట్టింది. కాలు పెడల్ మీద లేదు. కీ తిప్పాను, స్టాప్ కేబుల్ లాగాను, డీజిల్ ఆగింది, ఇంజన్ ఆగలేదు. ఇంటర్‌కూలర్‌లో పేరుకున్న ఇంజన్ ఆయిల్‌నే డీజిల్ లాగా పీల్చుకుంటోంది. అడవంతా పొగ. ఇంజన్ గొంతు ఇంకా పైకి పోతూనే ఉంది, క్యాబిన్ మొత్తం వణికింది. క్లీనర్ దూకి పారిపోయాడు. పెద్ద గేర్ వేసి, బ్రేక్ బలంగా తొక్కిపట్టి క్లచ్ వదిలితే అప్పుడు ఆగింది. చేతులు ఒక గంట దాకా వణుకుతూనే ఉన్నాయి.

ఎవరికైనా అలా అయితే గాలి పీల్చే పైపును చేత్తో మూయకండి, చెయ్యి పోతుంది. చెక్క పలకో, మందమైన రేకో వాడాలి. ఇంజన్ ముందు నిలబడకండి. చీమకుర్తి అన్నా, మళ్లీ లోడు ఎక్కించేముందు ఇంటర్‌కూలర్ కింద పైపు విప్పి ఆయిల్ దించెయ్యి.

చీమకుర్తి పది టైర్లు | గురువారం, మధ్యాహ్నం 1:10

దొరికింది!

బ్రీదర్ పైపు ఊడదీసి ఊదాను, గాలి పోలేదు. మూతిలోకి సెల్‌ఫోన్ లైటు వేస్తే లోపల ఎర్రమట్టి. సన్న స్క్రూడ్రైవర్‌తో గీకితే ముద్దగా ఊడి వచ్చింది. కందిరీగ మట్టిగూడు! రెండు గదులు కట్టింది, ఒకదాంట్లో ఎండిపోయిన పురుగు కూడా ఉంది. మా వేపచెట్టు చుట్టూ కందిరీగలు తిరుగుతూనే ఉంటాయి, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ మట్టి మీద ఆయిల్ ఆవిరి పట్టి, క్వారీ దుమ్ము అంటి సిమెంటులా గట్టిపడింది.

పైపు లేకుండా స్టార్ట్ చేసి మూత బోర్లించాను. కొంచెం ఊగుతోంది, ఎగరడం లేదు. డిప్ స్టిక్ కదలడం లేదు. ఇంటర్‌కూలర్ కింది హోస్ విప్పితే అర లీటరు పైగా నల్ల ఆయిల్ బకెట్‌లో పడింది. గిద్దలూరు అన్నా, ఆ బకెట్ చూశాక మీ మాట గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

కానీ పైపు కడిగి బిగించి గంట నడిపినా నీలి పొగ ఇంకా వస్తూనే ఉంది. ఇదేంటి?

నెల్లూరు ఆటోనగర్ మేస్త్రి | గురువారం, మధ్యాహ్నం 2:00

కంగారు పడకు. ఇన్నాళ్లుగా కారిన ఆయిల్ ఎగ్జాస్ట్ పైపులో, సైలెన్సర్ పొరల్లో పేరుకుని ఉంది. పొయ్యి ఆర్పినా కళాయి వేడి తగ్గడానికి టైం పట్టినట్టే. లోడుతో ఒక ట్రిప్పు వెళ్లి రా, సైలెన్సర్ బాగా వేడెక్కాలి. అప్పుడు క్యూలో నిలబెట్టి చూడు. ఈలోపు టర్బో గాలి పీల్చే వైపు పైపు తీసి, షాఫ్ట్ కొన పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగు. చేతికి తెలిసేంత ఆట, అంటే వదులు, ఉండకూడదు. పక్కలకు కొద్దిగా ఊగితే ఫర్వాలేదు, ఆయిల్ లేనప్పుడు ఆ బేరింగులు అలాగే ఉంటాయి. రెక్కలు గోడకు రాసుకున్న గీత మాత్రం ఉండకూడదు.

పైపు తీశావు కాబట్టి లోపలి గోడ మీద వేలు పెట్టి రాయి. వేలికి గరుకుగా పొడి తగిలితే ఎయిర్ ఫిల్టర్ దగ్గర లీకు ఉంది. చీమకుర్తి దుమ్ము గాజు పొడి లాంటిది, రింగుల్ని సానబెట్టినట్టు అరగదీస్తుంది. నీ ఇంజన్‌కు అసలు ప్రమాదం ఉంటే అక్కడే ఉంటుంది.

చీమకుర్తి పది టైర్లు | శనివారం, రాత్రి 10:20

ట్రిప్పు వెళ్లొచ్చాను. పోర్టు దగ్గర నలభై నిమిషాలు క్యూ. కదిలించినప్పుడు మా క్లీనర్‌ను కిందికి దించి చూడమన్నాను. మొదట ఒక పలుచని తెర, అంతే. వెనక బండి డ్రైవర్ పదిహేను రోజుల నుంచి నన్ను తిడుతున్నవాడే, ఇవాళ బొటనవేలు పైకెత్తి చూపించాడు. టర్బో షాఫ్ట్‌లో ఆట లేదు. పైపు లోపల వేలు రాస్తే జిడ్డు ఉంది, గరుకు లేదు.

పాత టర్బో తీసుకెళ్లిన షెడ్డును అడిగాను, అది ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారట. 26 వేలు పోయాయి. బాధగానే ఉంది.

నల్ల పొగ మాత్రం తగ్గలేదు. సింగరాయకొండ దాటాక ఎత్తులో థర్డ్ గేర్‌కు దిగాల్సి వచ్చింది.

కావలి పంపు నాజిల్ | శనివారం, రాత్రి 10:55

ఇప్పుడు నా వంతు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు పోయే హోసుల్ని ఒక్కొక్కటి విప్పి, వంచి చూడండి. బిగించి ఉండగా చూస్తే లాభం లేదు. ఐడిలింగ్‌లో గాలి ఒత్తిడి ఉండదు కనుక సబ్బునీళ్లు పోసినా బుడగ రాదు. మీకో గుర్తు చెబుతాను. మీ హోసుల్లో ఇన్నాళ్లూ ఆయిల్ తిరిగింది. లీకు ఉన్న చోట ఆ ఆయిల్ తుంపర బయటికి వచ్చి దుమ్మును పట్టి ఉంచుతుంది. మిగతా హోసు బూడిద రంగులో పొడిగా ఉంటే, ఆ చోట మాత్రం నల్లగా, తడిగా ఉంటుంది.

చీమకుర్తి పది టైర్లు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

అన్నా, మీకు దణ్ణం పెట్టాలి. ఇంజన్ వైపు హోసు అడుగున, క్లాంప్‌కు ఆనుకుని అరచేతి వెడల్పున నల్ల మరక. విప్పి వంచితే క్లాంప్ కోసిన చోట సగం చుట్టు దాకా చీలి ఉంది. వంచితే చేప మొప్పలా తెరుచుకుంటోంది, వదిలితే మూసుకుంటోంది. బండి ఆగి ఉన్నప్పుడు ఎంత చూసినా కనపడదు. ఎప్పుడో ఎవరో క్లాంపు మరీ బిగించినట్టున్నారు.

కొత్త హోసు, వెడల్పు క్లాంపులు వేశాను. ఖాళీ బండితో ఒంగోలు దాకా వెళ్లొచ్చాను. పికప్ వచ్చేసింది! టర్బో ఈల మళ్లీ వినపడుతోంది. ఆ చప్పుడు విని ఎన్ని నెలలైందో.

కందుకూరు డ్రైవర్ | ఆదివారం, మధ్యాహ్నం 1:00

అన్నా, మొదటి రోజు నేను చెప్పింది తప్పు. మా బండి హోసులు కూడా ఇవాళే విప్పి చూశాను. ఇంటర్‌కూలర్ దగ్గర ఒక క్లాంప్ అసలు లేదు, తీగతో కట్టి ఉంది. పంపు తగ్గించిన తర్వాత బండి ఎందుకు లాగడం లేదో ఇప్పుడు తెలిసింది. కావలి అన్నా, మా ఓనర్‌కు చెప్పి పంపు మీ దగ్గరికే తెస్తాను.

కావలి పంపు నాజిల్ | ఆదివారం, మధ్యాహ్నం 1:45

తీసుకురా తమ్ముడూ. ముందు క్లాంప్ వేయించి తీసుకురా.

చీమకుర్తి అన్నా, పొద్దున తెలుపు మిగిలింది కదా. నీళ్లు తగ్గడం లేదు, పచ్చి డీజిల్ వాసన వస్తోంది కనుక హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు సిలిండర్లోకి వస్తున్నాయన్న భయం వద్దు. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లలో ఏదో ఒకటి సన్నగా చిమ్మకుండా కారుతోంది. ఏదో కనుక్కోవడం తేలిక. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఐడిలింగ్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టును పావు చుట్టు వదులు చెయ్యి. మంచి సిలిండర్ అయితే ఇంజన్ వెంటనే కుంటుతుంది. చెడ్డదైతే చప్పుడు మారదు, పైగా తెల్ల పొగ తగ్గుతుంది. బిగించాకే ఇంకోదానికి వెళ్లు. నట్టు మీద గుడ్డ కప్పు, వేలు దగ్గర పెట్టకు. ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఇది పాత పంపు బండ్లకే. కంప్యూటర్‌తో డీజిల్ కొట్టే కొత్త రకం, కామన్ రైల్ బండ్ల నట్టు ఎవరూ ముట్టుకోకండి. వాటిలో ఒత్తిడి 1000 బార్లు కూడా దాటగలదు, ప్రాణం మీదికి వస్తుంది.

చీమకుర్తి పది టైర్లు | మంగళవారం, ఉదయం 8:15

మూడో సిలిండర్. నట్టు వదులు చేసినా ఇంజన్‌కు పట్టనే లేదు, పొగ మాత్రం పలుచబడింది. ఆరు నాజిళ్లూ తీసి కావలి పంపుతున్నాను.

కావలి పంపు నాజిల్ | బుధవారం, సాయంత్రం 6:30

టెస్టర్ మీద పెట్టి చూశాను. అయిదు బాగా చిమ్ముతున్నాయి, ప్రెషర్ కొంచెం తగ్గితే షిమ్ (పలుచని వాషర్) వేసి సరిచేశాను. మూడోది కొన దగ్గర చుక్క కట్టి జారుతోంది. దాని టిప్ మార్చాను. మళ్లీ బిగించేటప్పుడు కింది రాగి వాషర్లు కొత్తవే వెయ్యండి, పాతవి తిప్పి వెయ్యకండి. ఎలాగూ నాజిళ్లు విప్పారు కదా, చల్లటి ఇంజన్ మీద ట్యాపెట్లు, అంటే వాల్వుల సందు, కూడా పెట్టించండి. ఇన్‌లెట్ పది థౌ, ఎగ్జాస్ట్ ఇరవై థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు.

పొదిలి లెక్కల పుస్తకం | బుధవారం, రాత్రి 7:40

అన్నగారూ, ఒక్క సహాయం. టర్బోతో సహా మొత్తం ఎంతైంది, అందులో అవసరమైంది ఎంత, రాయగలరా? మా నాన్నగారికి చూపిస్తాను. ఆయన కూడా టర్బో కొనేద్దామంటున్నారు.

చీమకుర్తి పది టైర్లు | గురువారం, రాత్రి 9:00

రాస్తానమ్మా. టర్బో 26 వేలు. అది అక్కర్లేదు. బ్రీదర్ పైపు కడగడానికి ఏమీ కాలేదు. హోసు, క్లాంపులు 2,400. నాజిళ్ల పని, వాషర్లు, ట్యాపెట్లు కలిపి 5,800. ఆయిల్, ఫిల్టర్లు మార్చాను, నల్ల పొగ కక్కిన రోజుల్లో డీజిల్ మసి కొంత అందులోకీ దిగి ఉంటుందని మేస్త్రిగారు చెప్పారు. నాన్నగారిని ముందు మూత బోర్లించి చూడమను.

ఒంగోలు పాలిటెక్నిక్ మాస్టారు | గురువారం, రాత్రి 9:30

ఎఫ్‌సికి వెళ్లేముందు ఒకసారి పొల్యూషన్ సెంటర్‌లో పొగ కొలిపించుకోండి. పొగ చిక్కదనాన్ని హార్ట్‌రిడ్జ్ యూనిట్లలో కొలుస్తారు. బీఎస్ ఫోర్ కాలుష్య ప్రమాణాలకు ముందు వచ్చిన డీజిల్ బండ్లకు హద్దు 65 యూనిట్లు. బీఎస్ ఫోర్ బండ్లకు 50. ఇంజన్ పూర్తిగా వేడెక్కాకే పరీక్ష చేయించండి, చల్లటి ఇంజన్ ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. ఆ కాగితం ఫొటో తీసి ఇక్కడ పెడితే మా పిల్లలకు చూపిస్తాను.

చీమకుర్తి పది టైర్లు | 21వ తేదీ, సాయంత్రం 5:20

ఎఫ్‌సి అయింది. పొగ 44 వచ్చింది. ఆయిల్ మూడు ట్రిప్పులకు లీటరు, వానల ముందు ఎంతో అంతే. బండి విప్పలేదు. మేస్త్రిగారూ, మాస్టారూ, కావలి అన్నా, గిద్దలూరు అన్నా, చెల్లెమ్మా, మీ అందరి రుణం తీర్చుకోలేను. ఇంట్లో అమ్మకు చెబితే మీ అందరినీ భోజనానికి పిలవమంది.

కందిరీగ మళ్లీ రాకుండా బ్రీదర్ పైపు మూతికి సన్న జల్లెడ కట్టాను.

నెల్లూరు ఆటోనగర్ మేస్త్రి | 21వ తేదీ, సాయంత్రం 5:45

సంతోషం బాబూ. ఆ జల్లెడ మాత్రం ఇవాళే తీసెయ్యి. ఆయిల్ ఆవిరికి మీ ఊరి దుమ్ము అంటుకుని నెల తిరక్కుండా అదే మూసుకుపోతుంది, మళ్లీ మొదటికొస్తావు. బండి ఎక్కువ రోజులు నిలిపితే పైపు మూతికి గుడ్డ కట్టు. గుడ్డ కట్టినప్పుడు గుర్తుకు స్టీరింగుకు ఎర్ర దారం కట్టి ఉంచు, గుడ్డ విప్పడం మరిచిపోయి స్టార్ట్ చెయ్యవు.

చీమకుర్తి పది టైర్లు | 21వ తేదీ, రాత్రి 7:10

తీసేశాను అన్నా. దారం కూడా కట్టాను.